మూడువందల పంతొమ్మిదో కుర్చీ

కుర్చీ మామయ్యకి ఉన్నది ఒకటే పిచ్చి. ఏ భవనంలో అడుగు పెట్టినా, అందులో ఉన్న ప్రతి కుర్చీలోనూ కూర్చోవాలి. ఊరికే ఆనించి లేవడం కాదు. బూట్లు విప్పి, మేజోళ్లు లాగేసి, ప్యాంటు పిక్కల దాకా మడిచి, సరిగ్గా పావుగంట. అది కాగానే లేచి పక్క కుర్చీ. అది కాగానే ఆ పక్కది. దారిలో ముక్కాలిపీట కనబడినా వదిలేవాడు కాదు.

ఇదంతా విని పని లేని మనిషనుకునేరు. ఆయన ఇంజనీరు. చమురు తాగి పొగ కక్కే పాత బాయిలర్లని పెద్ద పెద్ద భవనాల్లోంచి పీకేసి, వాటి స్థానంలో హీట్ పంపులు పెట్టే కంపెనీలో చీఫ్. హీట్ పంప్ అంటే తిరగేసిన ఫ్రిజ్ అనుకోండి. ఫ్రిజ్ తన కడుపులో వేడిని లాగి వంటింట్లోకి వదిలినట్టే, ఇది బయటి గాలిలోని వేడిని లాగి భవనంలోకి వదులుతుంది. బయట చెవులు ఊడిపోయేంత చలి ఉన్నా సరే, ఆ చలిలోంచే వేడి పిండుకొస్తుంది. ఒక వంతు కరెంటు తిని మూడు వంతుల వేడి పెడుతుంది. మామయ్య ఈ మాట చెప్పినప్పుడల్లా వినేవాళ్లు ఆయన్ని తల నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, మడిచిన ప్యాంటు దగ్గర ఆగి, ‘ఓహో, అదా సంగతి’ అన్నట్టు తలాడించేవాళ్లు.

“గోడకి థర్మామీటర్ ఉంది కదండీ, చూస్తే పోలా?” అని అడిగేవాళ్లు.

“థర్మామీటర్‌కి చీలమండలున్నాయా?” అనేవాడు మామయ్య. “గోడకి తగిలించింది గోడ సంగతి చెబుతుంది. జనం గోడలకి వేలాడరు కదా, కుర్చీల్లో కూర్చుంటారు. చలి వచ్చి ముందుగా పట్టుకునేది చీలమండల్నే. నా రెండు చీలమండలూ రెండు సాక్షులు. ఇద్దరూ ఒకే మాట చెబితే గాని సంతకం పెట్టను.”

ఒకసారి ఒక బ్యాంకులో, మేనేజరు భోజనానికి వెళ్లిన సమయం చూసి ఆయన కుర్చీలో కూర్చున్నాడు. పావుగంటలో ముగ్గురొచ్చారు. మొదటి మనిషి సెలవు అడిగాడు. మొహం చూస్తే జాలేసి ఇచ్చేశాడు. రెండో ఆవిడ బదిలీ అడిగింది. “ఎక్కడికి కావాలో నువ్వే రాసుకోమ్మా” అన్నాడు. మూడో మనిషి సాక్షాత్తూ మేనేజరే.

“మీరెవరండీ?”

“కూర్చోండి, కూర్చోండి. ఇంకా నాలుగు నిమిషాలుంది.”

మేనేజరు కూర్చున్నాడు. తన గదిలో, తన బల్లకి ఎదురుగా, ఫైలు ఒళ్లో పెట్టుకుని, నాలుగు నిమిషాలూ బుద్ధిగా కూర్చున్నాడు. ఇచ్చిన సెలవూ, బదిలీ కూడా రద్దు చేసే ధైర్యం ఆయనకి ఆ తరవాత ఎప్పుడూ రాలేదట.

ఇంకోసారి ఒక సెలూన్. మూడు కుర్చీలు, ముగ్గురు క్షురకులు. ఊరికే కూర్చోవడానికి వీల్లేదన్నారు. మొదటి కుర్చీలో జుట్టు కత్తిరించారు. రెండో కుర్చీలో మొదటివాడు చేసిన తప్పులు సరిచేశారు. మూడో కుర్చీ దగ్గరికి వచ్చేసరికి కత్తిరించడానికి ఏమీ మిగల్లేదు. అయినా పావుగంట గడవాలి కాబట్టి మూడోవాడు తలని గుడ్డతో తుడిచి, తుడిచి, నిగనిగలాడించి వదిలిపెట్టాడు. ఆ సాయంత్రం అత్తయ్య తలుపు తీసి, “ఆయన ఇంట్లో లేరండీ” అని మళ్లీ తలుపేసేసింది.

సినిమా హాలు సంగతి చెప్పకపోతే పాపం. అందులో ఆరువందల పన్నెండు సీట్లు. లెక్క వేసుకోండి, నూటయాభై మూడు గంటలు. ఒకే సినిమాని అరవై ఒక్కసార్లు చూశాడు. ఇరవయ్యో ఆటకి మాటలన్నీ కంఠతా వచ్చేశాయి. నలభయ్యో ఆటకి విలన్ మీద జాలి పుట్టింది. అరవయ్యో ఆటలో, హీరోయిన్ ఉత్తరం చింపబోతుంటే, చీకట్లోంచి “చింపకమ్మా, అందులో అసలు సంగతుంది” అని అరిచాడు. హాలంతా ఘొల్లుమంది. ఆ ఊళ్లో జనం ఆ సినిమాకి మళ్లీ మళ్లీ వచ్చింది ఆయన మాటలు వినడానికేనని హాలు వాళ్లు చాలాకాలం చెప్పుకున్నారు.

ఈ మనిషి దగ్గర పనికి కుదిరింది ఆయన మేనకోడలు. స్వయానా అక్క కూతురు, కొత్త ఇంజనీరు. ఆఫీసులో ‘సార్’ అనే పిలవాలని మొదటి రోజే ఒట్టు పెట్టుకుంది. కోపం వచ్చినప్పుడు మాత్రం నోట్లోంచి ‘మామయ్యా’ అని వచ్చేసేది. అంటే రోజుకి నాలుగైదుసార్లు.

ఆమె చేతికి వచ్చిన మొదటి భవనం ఐదంతస్తుల వ్యాపార సముదాయం. కింద చెప్పుల దుకాణం, మొదటి అంతస్తులో బీమా ఆఫీసు, రెండో దాంట్లో కళ్లజోళ్ల షాపు, మూడు నాలుగుల్లో రకరకాల ఆఫీసులు, ఐదులో భవనం ఓనరు గారు. నేలమాళిగలో ముప్ఫై అయిదేళ్ల బాయిలర్. దాన్ని అందరూ ఏనుగు అనేవాళ్లు. ఏనుగంత ఉండేది, ఏనుగంత తినేది, పొద్దున్నే వెలిగిస్తే ఐదో అంతస్తు దాకా వినబడేలా ఘీంకరించేది.

మేనకోడలు నెల రోజులు కష్టపడి డిజైన్ వేసింది. గదుల్ని వెచ్చబెట్టే వేడినీళ్ల రేడియేటర్లు భవనంలో నూట నలభై మూడు. ఒక్కొక్కటీ ఏ గదిలో ఉందో, ఆ గదికి ఎంత వేడి కావాలో చుక్క తరవాత రెండంకెల దాకా లెక్క కట్టింది. ఏనుగు ఇచ్చే నీళ్లు ఎనభై డిగ్రీలు, చెయ్యి పెడితే బొబ్బలు. పంపు ఇచ్చే నీళ్లు యాభై డిగ్రీలే. అందుకని ఎక్కడెక్కడ రేడియేటర్ పెద్దది వెయ్యాలో ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టింది. మేడ మీద ఆరు పంపులు బారులు తీరాయి. ఒక సోమవారం పొద్దున్న ఏనుగుని ఆర్పేశారు, పంపుల్ని తిప్పారు. రెండువారాలు పరీక్ష. ఆ తరవాతి సోమవారం ఇంధన శాఖ ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి చూసి ముద్ర వెయ్యాలి. ముద్ర పడగానే ఏనుగుని ముక్కలు చేసి పాత ఇనుములోకి పంపేస్తారు. ఇన్‌స్పెక్టరమ్మ ముద్ర వేసేలోగా కాగితాల మీద చీఫ్ సంతకం పడాలి.

“చూడమ్మా, ఇది నీ మొదటి డిజైన్” అని కంపెనీ బాస్ ముందే చెప్పాడు. “ముద్ర పడితే నువ్వు డిజైనర్‌వి. చీఫ్ తప్పు పట్టి ఫైల్లో ఎర్ర కాగితం పెట్టాడనుకో, మళ్లీ మూడేళ్లు కొటేషన్లు టైపు చేసుకోవడమే.”

కొటేషన్లు టైపు చేసే బల్ల మేనకోడలికి తెలుసు. అది మరుగుదొడ్డి పక్కన ఉంటుంది.

పంపులు తిరిగిన గంటకే మామయ్య చెప్పుల దుకాణంలో బూట్లు విప్పాడు. భవనంలో మొత్తం మూడువందల పద్దెనిమిది కుర్చీలని మేనకోడలే లిస్టు రాసిచ్చింది. ఎనభై గంటలు, పది పనిరోజులు. సరిగ్గా సరిపోతుంది. ఆ లెక్క చూసి ఆమె మొదటిసారి ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి మధ్యాహ్నం దాకానే నిలిచింది.

చెప్పుల దుకాణంలో బూట్లు విప్పి కూర్చున్న మనిషిని వదిలేస్తారా? ఇరవై నాలుగు ముక్కాలిపీటల మీదా, ఒక్కో దాని మీద ఆరేసి జతల చొప్పున తొడిగించారు. “ఇది బిగుతుగా ఉందా సార్?” “లేదు బాబూ, కానీ చీలమండ కప్పేస్తోంది.” “అయితే ఇది?” “ఇదీ కప్పేస్తోంది.” సాయంత్రానికి దుకాణం వాడు చీలమండ కప్పని జోడు కోసం గోడౌన్ మొత్తం కిందికి దించి, చివరికి అట్టపెట్టెల మధ్య కూలబడ్డాడు. రెండో రోజు బీమా ఆఫీసులో ఏజెంటు కుర్చీలో కూర్చుని, పావుగంటలో రెండు పాలసీలు అమ్మాడు. మూడోది అమ్మబోతూ పావుగంట అయిపోయిందని లేచిపోతే, ఆ ఖాతాదారు వెంటపడి పక్క కుర్చీ దాకా వచ్చాడు. కళ్లజోళ్ల షాపులో అక్షరాలు చదవమంటే, “అక్షరాలు బాగానే ఉన్నాయి, కిటికీ సందులోంచి గాలి వస్తోంది” అన్నాడు. నిజంగానే వస్తోంది. వెంటనే పట్టీ వేయించాడు.

మూడో రోజు నుంచి మాత్రం మేనకోడలు ఒకటి గమనించింది. భోజనాల వేళ మామయ్య గంటసేపు మాయమైపోతున్నాడు.

“ఎక్కడికెళ్లారు సార్?”

“కూర్చోడానికి.”

“పొద్దున్నించీ కూర్చునే ఉన్నారు కదా!”

“ఇది వేరే కూర్చోడం అమ్మడూ.”

రెండో శుక్రవారం సాయంత్రం, ఐదో అంతస్తులో ఓనరు గారి గది బయట, ఆఖరి కుర్చీలోంచి మామయ్య లేచాడు. మేనకోడలు కాగితాలూ కలమూ పట్టుకుని తయారుగా నిలబడింది.

“అయ్యాయా సార్?”

“మూడువందల పద్దెనిమిదీ అయ్యాయి.”

“ఎలా ఉన్నాయి?”

“అమ్మడూ, నా సర్వీసులో ఇంత హాయిగా కూర్చున్న భవనం ఇంకోటి లేదు. ఒక్కచోట చీలమండ ముడుచుకోలేదంటే ఒట్టు.”

“అయితే ఇక్కడ సంతకం పెట్టండి.”

“పెట్టేవాణ్ణే. మూడువందల పంతొమ్మిదోది తేలలేదు.”

“లిస్టులో ఉన్నవే మూడువందల పద్దెనిమిది కదా!”

“అవును” అన్నాడు మామయ్య ప్యాంటు కిందికి లాక్కుంటూ. “తేలనిది అదే.”

“మామయ్యా!”

ఆ కేకకి ఓనరు గారు బయటికొచ్చారు. ఆయన ఆ రెండువారాలుగా నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నారు. అది గొప్పవాళ్ల దర్జా కాబోలనుకుంది మేనకోడలు.

“ఏవిటండీ ఈ వేషాలు?” అన్నారు రుమాల్లోంచి. “సోమవారం ఇన్‌స్పెక్షన్. నా భవనం వెచ్చగా ఉంది, నా మనుషులు సుఖంగా ఉన్నారు. మీ చీలమండలకేం వచ్చింది?”

“వాటికి ఇంకా తృప్తి కలగలేదండీ.”

“మీ బాస్‌కి ఫోన్ చేస్తా!”

చేశారు. బాస్ గొంతు వరండా అంతా వినబడింది. “ఆయన పిచ్చి మాకు కొత్త కాదండీ, ఓపిక పట్టండి... ఏమయ్యా చీఫూ, పిల్ల డిజైన్‌లో తప్పేమైనా ఉందా? ఉంటే ఎర్ర కాగితం పెట్టి పారెయ్.”

మేనకోడలు కలానికి మూత పెట్టేసింది.

“తప్పు పట్టడానికి నాకేం కనబడలేదు సార్” అన్నాడు మామయ్య ఫోన్‌లోకి. “నా పిచ్చి నాది. సోమవారం పొద్దున్న దాకా కూర్చోనివ్వండి.”

“కూర్చుని చావు” అని బాస్ ఫోన్ పెట్టేశాడు. ఓనరు గారు రుమాల్లోంచి ఇంకా ఏవో అన్నారు. అవి రుమాల్లో ఉండిపోవడమే మంచిదైంది.

శనివారం పొద్దున్న మేనకోడలు ఇంట్లో ఉండలేక భవనానికి వచ్చింది. ఆఫీసులన్నీ మూసి ఉన్నాయి. మెట్లెక్కబోతుంటే కిందికి దిగే మెట్ల మీద ఒక బూటు కనబడింది. రెండు మెట్ల కింద ఇంకో బూటు. ఆ కిందన మేజోళ్లు. దొంగ జాడ పట్టినట్టు వాటి వెంటే దిగింది. బాయిలర్ గది దాటగానే ఒక చిన్న తలుపు. దాని ముందునుంచి ఆమె ఇరవైసార్లయినా నడిచి ఉంటుంది. డ్రాయింగులో దాన్ని ‘స్టోరు’ అని రాసింది. తలుపు మీద అరచేతంత బోర్డు: కట్టుడు పళ్లు చేయబడును.

తలుపు తోస్తే ముందు పళ్లు కనబడ్డాయి. బల్లల మీద పళ్లు, కిటికీలో పళ్లు, గోడకి మేకులు కొట్టి బిగించిన చెక్కబల్ల మీద వరసగా సున్నపు తెలుపు దవడల అచ్చులు. అన్నీ కలిసి ఆమెని చూసి ఇకిలిస్తున్నాయి. వాటి మధ్య మూడు స్వెటర్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని, చంకలో ఏదో పెట్టుకుని, ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఆవిడని భవనంలో పళ్లత్త అంటారు. ఆవిడ ఎవరి మొహమూ చూడదు, నోరే చూస్తుంది.

“ఈ అమ్మాయి మీ అక్క కూతురే తమ్ముడూ” అంది పళ్లత్త చూడగానే. “అదే పై వరస.”

తమ్ముడు గది మధ్యలో ఒక పాత చేతుల కుర్చీలో, ప్యాంటు మడుచుకుని, కోటు గుండీలన్నీ పెట్టుకుని కూర్చున్నాడు. పొట్ట మామూలు కంటే రెండింతలుంది.

“మామయ్యా, నీ పొట్టకేమైంది?”

మామయ్య జాగ్రత్తగా ఒక్కో గుండీ విప్పాడు. లోపల చొక్కాకి ఆనించి ఐదు దవడలు. ఐదూ నవ్వాయి.

“తడి అచ్చులు” అన్నాడు. “ఆరట్లేదు పాపం. పొద్దున ఐదు, మధ్యాహ్నం ఐదు. ఇదిగో ఇది కాస్త నెమ్మదిగా పట్టుకో, ఐదో అంతస్తుది. ఓనరు గారి కింది దవడ.”

నిన్న సాయంత్రం తన మీద అరిచిన నోటిని ఈ మనిషి రోజూ కడుపులో పెట్టుకుని వెచ్చబెడుతున్నాడని తెలిసి మేనకోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు నవ్వే వచ్చింది. ఎంత వచ్చిందంటే, ఆ దవడ చేతిలోంచి జారబోతే, పళ్లత్త గభాలున పట్టుకుంది. ఆవిడ చంకలో ఉన్నది నేల మీద పడి రెండు ముక్కలైంది.

“మైనం తల్లీ” అంది పళ్లత్త ముక్కలేరుకుంటూ. “పళ్లు ముందు మైనంలోనే కూర్చోబెట్టాలి. చల్లబడితే ఇలాగే పుటుక్కుమంటుంది. చంకలో పెట్టుకుంటే మెత్తగా ఉంటుంది గానీ, ఒక చెయ్యి చంకకే పోతే పని రెండో చేత్తో ఎంతని చేస్తాం?”

“ఇదివరకు ఎలా చేసేవారు అత్తా?”

పళ్లత్త మైనం ముక్కలు బల్ల మీద పెట్టింది. మామయ్య లేచి కుర్చీ చూపించాడు.

“కూర్చో అమ్మడూ. పావుగంట.”

“నాకు నీ పిచ్చి అంటించకు మామయ్యా.”

“ఒక్క పావుగంట. బూట్లు విప్పి.”

మేనకోడలు కూర్చుంది. మొదటి ఐదు నిమిషాలూ ఏమీ కాలేదు, దవడలకేసి చూస్తూ గడిపేసింది. ఆరో నిమిషంలో పాదాల కింద ఎవరో చల్లటి పలక జరిపినట్టయింది. పదో నిమిషానికి చలి రెండు చీలమండల్నీ పిడికిట్లో పట్టుకుంది. వెచ్చదనం కోసం వెనక్కి జరిగి గోడకి వీపు ఆనించింది. గోడ మంచుముక్కలా ఉంది. తిరిగి చూసింది. అచ్చుల బల్ల వెనక గోడంతా ముప్ఫై ఏళ్ల వేడికి గోధుమరంగుకి తిరిగి, అచ్చులు ఆనిన చోట మాత్రం తెల్లగా, వరసగా గుండ్రాలు పడి ఉంది. గోడకి అవతల ఏముందో అప్పుడు గుర్తొచ్చింది.

“ఏనుగు వీపు” అంది మెల్లిగా.

“ఊఁ.”

“ఈ గదికి రేడియేటర్ లేదు. ఎప్పుడూ లేదు. గోడే వెచ్చగా ఉండేది. నేను రేడియేటర్లు లెక్కపెట్టాను కాబట్టి నా లెక్కలో...”

“ఇంకా మూడు నిమిషాలుంది” అన్నాడు మామయ్య.

మూడు నిమిషాలూ ఆమె కూర్చుంది. తరవాత లేచి పళ్లత్త చేతులు పట్టుకుంది. అవి అచ్చుల కంటే చల్లగా ఉన్నాయి.

“ఒక్క మాట చెప్పకపోయారా అత్తా!”

“ఏమని చెప్పను తల్లీ? నా గదికి వేడి కనెక్షనే లేదు. నోరెత్తితే, ‘ఇన్నేళ్లూ గోడ వాడుకున్నావా?’ అని ఖాళీ చెయ్యమంటారేమోనని... అందరి నోళ్లూ తెరిపించేదాన్ని, నా నోరు మూసుకున్నాను.”

మేనకోడలు మామయ్య వైపు తిరిగింది. “నీకు మూడో రోజే తెలుసు.”

“గోడ చల్లబడటానికి మూడు రోజులు పట్టింది మరి.”

“మరి చెప్పావు కాదేం? ఊరంతా నిన్ను పిచ్చివాడంటున్నారు. ఓనరు గారు నిన్న ఎన్ని మాటలన్నారు!”

మామయ్య దవడల్ని మళ్లీ ఒక్కొక్కటే కోటులో సర్దుకున్నాడు. “చీఫ్ చెబితే అది తప్పు అమ్మడూ, ఎర్ర కాగితం పెట్టాలి. సంతకానికి ముందు డిజైనరే కనిపెట్టి దిద్దుకుంటే అది సవరణ. ఫైల్లో ఒక్క లైను. నువ్వొచ్చి కూర్చునేదాకా సంతకం ఆపాలంటే నా దగ్గర ఇంకేం ఉంది? పిచ్చే ఉంది. పాతికేళ్లుగా ఉన్నదే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.”

“నేను రాకపోయుంటే?”

“బూట్లు మెట్ల మీద వదిలింది ఎందుకనుకున్నావ్?”

మేనకోడలి కళ్లు చెమర్చబోయాయి. అది చూసి మామయ్య కంగారు పడ్డాడు.

“ఏడవకు, ఏడవకు. అచ్చులు తడుస్తాయి.”

“అంటే ఇన్నేళ్లుగా అన్ని కుర్చీల్లో కూర్చుంటున్నది ఇందుకేనా మామయ్యా?”

“అబ్బే” అన్నాడు మామయ్య. “నాకు కాళ్లు నొప్పులు.”

ఇక మేనకోడలు ఆగలేదు. బల్ల మీద మైనపు ముక్కలు పక్కకి నెట్టి, అక్కడే కాగితం పరిచింది. గది కొలతలు పళ్లత్త పళ్లు కొలిచే స్కేలుతోనే కొలిచింది. కావలసిన వేడి ఎంతో తేలింది. మేడ మీది ఆరు పంపులకి అది లెక్కలోకే రాదు. కళ్లజోళ్ల షాపులో పెద్దది వెయ్యడానికి పీకేసిన పాత రేడియేటర్ ఒకటి బాయిలర్ గది మూలన పడి ఉంది. అక్కడ చిన్నదైనా ఇంత గదికి అది బ్రహ్మాండం. గొట్టం గోడకి అవతలి నుంచే పోతోంది. కావలసిందల్లా గోడకి రెండు కన్నాలు, ఒక ప్లంబరు.

ప్లంబరు ఆదివారం పొద్దున్న సణుక్కుంటూ వచ్చాడు.

“సెలవు రోజు పిలిచారు, సరే. కానీ ఇవన్నీ నన్నే చూస్తున్నాయేంటండీ?”

“అటు తిరిగి పని చెయ్యి” అన్నాడు మామయ్య.

“అటూ ఉన్నాయండీ.”

పళ్లత్త దగ్గరికొచ్చి, “ఏదీ, నోరు తెరు నాయనా” అంది. ఎందుకని అడగడం కూడా మరిచిపోయి ప్లంబరు ఠక్కున తెరిచాడు. “ఎడమ వైపు వెనకది కదులుతోంది. రెంచీ పళ్లతో పట్టుకోకు” అని హెచ్చరించింది. రెండు కన్నాలూ కొట్టేదాకా ప్లంబరు మళ్లీ నోరు తెరవలేదు. సాయంత్రం నాలుగింటికి అచ్చుల బల్ల కింద రేడియేటర్ గొణుగుతూ, గుడగుడలాడుతూ వేడెక్కింది. మామయ్య కోటు గుండీలు విప్పి ఐదు దవడల్నీ బల్ల మీద పెట్టాడు. పది రోజుల తరవాత పొట్ట తగ్గిన మనిషిలా హాయిగా ఊపిరి వదిలాడు. పళ్లత్త ఒక స్వెటర్ విప్పింది. కాసేపటికి రెండోది విప్పింది.

సోమవారం పొద్దున్న ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. గట్టి మనిషి. అప్పటికే ఊళ్లో రెండు భవనాలు చూసి, రెండింటికీ ముద్ర నిరాకరించి, చలిలో నడుచుకుంటూ వచ్చింది. మేడ మీది పంపులు చూసింది, గొట్టాలు తట్టింది, ఐదు అంతస్తులూ తిరిగింది. తప్పేమీ దొరక్క ఆవిడకి కొంచెం విసుగు పుట్టినట్టుంది. ఆఖరికి డ్రాయింగు మీద వేలు పెట్టింది.

“నేలమాళిగలో ఈ గది. మొదటి కాగితంలో స్టోరు అని ఉంది, ఇందులో దుకాణం అని ఉంది. ఎవరు మార్చారు?”

ఓనరు గారు మామయ్య వైపు చూశారు. మామయ్య కప్పు వైపు చూశాడు.

“నేనే మేడమ్” అంది మేనకోడలు. “పొరపాటు నాదే. రేడియేటర్లు లెక్కపెట్టాను, మనుషుల్ని లెక్కపెట్టలేదు. శనివారం తెలిసింది, నిన్న సరిచేశాను. సవరణ రాసి సంతకం పెట్టాను.”

“సరిచేస్తే సరా? వెచ్చగా ఉండాలి కదా” అని ఇన్‌స్పెక్టరమ్మ సంచిలోంచి తీగలున్న థర్మామీటర్ తీసింది.

“మేడమ్, అది తరవాత పెడదాం. ముందు ఒక్క పావుగంట ఆ కుర్చీలో కూర్చుంటారా? బూట్లు విప్పి?”

“వంశంలోనే ఉంది!” అని ఓనరు గారు రుమాల్లోంచి మూలిగారు. పళ్లత్త ఆయన నోటి వైపు ఒక్క చూపు చూసి, “మీవి రేపటికి తయారండీ” అంది. ఓనరు గారు ఇంక కిక్కురుమనలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ అనుమానంగానే కూర్చుంది. రేడియేటర్ సన్నగా గొణుగుతోంది. అచ్చులు ఆరుతున్న కమ్మని సున్నపు వాసన. ఐదో నిమిషంలో ఆవిడ భుజాలు దిగాయి. ఎనిమిదో నిమిషంలో థర్మామీటర్ ఒళ్లోకి జారింది. పదో నిమిషంలో తల పక్కకి వాలింది. పదకొండో నిమిషంలో చిన్న గురక, దాని వెనకే పెద్ద గురక, మొత్తం పళ్లన్నీ వింటుండగా.

“లేపుదామా?” అన్నారు ఓనరు గారు గుసగుసగా.

“ష్” అన్నాడు మామయ్య. “ఇంతకంటే మంచి రీడింగు నా సర్వీసులో చూడలేదు.” మునివేళ్ల మీద నడిచొచ్చి, మేనకోడలి చేతిలో కాగితాలు తీసుకుని, పళ్లత్త వీపు మీద ఆనించి సంతకం గీశాడు.

గంటన్నర గడిచింది. ఓనరు గారు ఒక బల్లకి ఆనుకుని నిలబడే ఉన్నారు. ఉన్నట్టుండి ఇన్‌స్పెక్టరమ్మ కళ్లు తెరిచి, గబగబా సర్దుకుని, “పావుగంట అయిందా?” అంది.

జీవితంలో ఒక్క పావుగంటని అటూ ఇటూ కానివ్వని మామయ్య అందరికంటే ముందు చెప్పాడు. “ఇప్పుడే అయింది మేడమ్.”

“ఇప్పుడే, ఇప్పుడే” అన్నారు మిగతా ముగ్గురూ.

ఆవిడ థర్మామీటర్ సంచిలో పెట్టేసింది. ముద్ర తీసి ఠప్పున వేసింది. బూట్లు వేసుకుంటూ వేసుకుంటూ ఆగి, కాస్త మొహమాటంగా అంది. “మా ఆఫీసు బాయిలర్ కూడా పాతదే. ఇలాంటిదే మాకూ పెట్టాలంటే డిజైన్ ఎవరు చేస్తారు?”

మామయ్య మేనకోడల్ని ముందుకి తోశాడు. “ఈవిడేనండీ. మా డిజైనర్ గారు.”

“మరి మీరేం చేస్తారు?”

మామయ్య నోరు తెరిచేలోపే మేనకోడలు అందుకుంది.

“ఈయన కూర్చుంటారు మేడమ్.”